తీసిన బురద ఎక్కడ పోస్తాం?

(బరంపురంలో ఒక తెలుగు గ్రంథాలయం వాళ్ల ఆదివారం సభలో, మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. సభలోంచి వచ్చిన మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.)

ముందు ఈ సీసా సంగతి చెప్పేస్తాను. లేకపోతే నేను మాట్లాడినంతసేపూ మీ కళ్లు దీని మీదే ఉంటాయి. ఇది మా ఇంట్లో ఆవకాయ పెట్టుకునే గాజు సీసా. ఇప్పుడు ఇందులో ఉన్నది మా వీధి వెనక చెరువు అడుగు బురద. మా అత్తగారు బతికి ఉంటే దీన్ని మళ్లీ వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. (నవ్వులు) ఆవిడ దాకా ఎందుకు, నేనే దాటనివ్వను. ఎందుకంటే ఈ సీసాలో సీసం ఉంది. ఇక్కడ పద్యాలు పాడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, పద్యం కాదు, లోహం. (నవ్వులు)

దగ్గరికొచ్చి చూస్తే మూడు రంగులు కనిపిస్తాయి. పైన రెండు వేళ్ల మందాన గోధుమరంగు. అది గాలి తగిలిన బురద. దాని కింద జానెడు నలుపు, కాటుకలాగా. అక్కడికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు నీళ్లలోని గంధకాన్ని మార్చి కుళ్లిన కోడిగుడ్డు వాసన పుట్టిస్తాయి, ఇనుముతో కలిసి ఆ నలుపు వస్తుంది. అన్నిటికన్నా కింద బూడిదరంగు బంకమన్ను. అదీ అసలు చెరువు అడుగు, మన తాతలు తవ్విన మట్టం. పైన ఉన్నదంతా మనం పోసింది.

నన్ను మాట్లాడమన్న విషయం నేలల పునరుద్ధరణ. ఆహ్వానంలో 'రిక్లమేషన్' అని కూడా వేశారు. ఆ మాటతో నాకు ఎప్పుడూ ఒక తిప్పలే. సముద్రాన్ని పూడ్చి ప్లాట్లు వేస్తే అదీ రిక్లమేషనే, గని తవ్విపోసిన గుట్ట మీద మళ్లీ చెట్టు మొలిపిస్తే అదీ రిక్లమేషనే. ఒకటి గొంతు నొక్కడం, ఇంకొకటి ఊపిరి పోయడం, రెండిటికీ ఒకే పేరు. మన ఊళ్లో ఈ గందరగోళం లేదు. మనవాళ్లు 'మెరక చేశాం' అంటారు, అంతే. పల్లం కనిపిస్తే చాలు, మెరక చేసెయ్యాలి. ట్రాక్టరు మట్టి, దాని మీద కూల్చిన ఇళ్ల రాళ్లురప్పలు, దాని మీద ఇంకో ట్రాక్టరు. మెరక చేసినాయన వీధిలో గర్వంగా నడుస్తాడు. రెండేళ్ల తర్వాత వాన పడితే అదే నీళ్లు పక్కింటి వంటింట్లోకి వస్తాయి. 'ఈమధ్య వానలు మరీ ఎక్కువయ్యాయండీ' అంటాడు. వానలు కాదు బాబూ, పల్లం తక్కువైంది.

సరే, మా చెరువు కథ. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో, మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, అయిన మరుసటి నెల, ఎండలకి చెరువు సగం ఎండిపోయింది. వీధిలో కుర్రాళ్లు, పెద్దవాళ్లు కలిసి శుభ్రం చేద్దామని పూనుకున్నారు. మూడు ఆదివారాలు. గుర్రపుడెక్క పీకాం, బురద తట్టలకెత్తాం. మజ్జిగ, పులిహోర, పాటలు, పెళ్లివారిల్లులా ఉంది. పీకిన గుర్రపుడెక్క, తీసిన బురద అంతా చెరువు గట్టున పోశాం. ఇంకెక్కడ పోస్తాం? గట్టు ఎత్తయింది కదా అని సంతోషపడ్డాం కూడా. జూన్‌లో మొదటి పెద్దవాన ఒక్కటంటే ఒక్కటి పడింది. తెల్లారేసరికి గట్టు మీదున్నదంతా చెరువులోనే ఉంది. గుర్రపుడెక్క కుళ్లి నీళ్లలోకి దిగి, ఆ ఎరువుతో ఆగస్టుకల్లా ముందుకన్నా రెండింతలు మొలిచింది. మా అమ్మ చూసి, 'ఇల్లు ఊడ్చి చెత్త గుమ్మంలోనే పెట్టారే' అంది.

ఆ మాట నన్ను ఉద్యోగం చేసినన్నాళ్లూ వదల్లేదు. ఎక్కడ ఏ శుభ్రం చేసే పథకం చూసినా మొదట అదే అడిగేదాన్ని. తీసింది ఎక్కడ పోస్తారు? చాలాసార్లు జవాబు వచ్చేది కాదు. డబ్బు ఎంత, పొక్లెయిన్లు ఎన్ని, ప్రారంభానికి ఎవరొస్తున్నారు, అన్నీ చెప్పేవారు.

అప్పట్లో బురదకి ఒక ఇల్లుండేది, ఇది మీరు గమనించాలి. మా రెండో ప్రయత్నంలో పక్క ఊరి రైతు ఒకాయన బళ్లు కట్టుకొచ్చి బురదంతా తోలుకుపోయాడు. ఒండ్రుమట్టి, పొలానికి బలం. మనకి డబ్బులివ్వలేదు, మనమూ అడగలేదు, చెరువు బాగుపడింది, ఆయన పొలం బాగుపడింది. వందల ఏళ్లు మన చెరువులు బతికింది ఈ లెక్కతోనే. వేసవిలో మట్టి పొలానికి, వానాకాలంలో నీళ్లు పొలానికి. పూడిక అనేది ఒక సమస్యే కాదు, అదొక పంట.

చాలా ఏళ్ల తర్వాత ఆయన కొడుకు మళ్లీ వచ్చాడు. ట్రాక్టరు వేసుకుని. 'అక్కా, చెరువు మట్టి తీసుకెళ్తాను' అన్నాడు. సరే పరీక్ష చేయిద్దాం అన్నాను, వట్టి అలవాటు కొద్దీ. చెరువులోకి అప్పటికి రోడ్డు మురుగు, బ్యాటరీలు బాగుచేసే షాపుల నీళ్లు, ఏటా రంగులేసిన విగ్రహాలు అన్నీ చేరుతున్నాయి. మన దేశంలో పెట్రోల్‌లో సీసం 2000 దాకా ఉండేది, ఆ పొగ రోడ్డు దుమ్ములో చేరి, వానకి కాలవలోకి, కాలవ నుంచి చెరువులోకి వచ్చేది. సీసం నీళ్లలో తేలదు, బంకమట్టిని పట్టుకుని అడుగున కూర్చుంటుంది. రిపోర్టు వచ్చాక ఆ అబ్బాయికి వద్దని చెప్పాను. వాడు నన్ను ఎలా చూశాడంటే, వాళ్ల నాన్నకిచ్చిన ఆస్తిని వాడికి ఎగ్గొడుతున్నట్టు చూశాడు. ఖాళీ ట్రాక్టరు తిప్పుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు అర్థమైంది నాకు. చెరువు పాడవడం ఒక ఎత్తు, బురద ఇల్లు పోగొట్టుకోవడం ఇంకొక ఎత్తు. ఇవాళ ఏ చెరువు తవ్వినా ఆ మట్టి ఎవరికీ అక్కర్లేదు. అందుకే అది గట్టునే ఉంటుంది, లేదా రాత్రిపూట లారీలో ఇంకో ఊరి పల్లంలో దిగుతుంది. అక్కడ దానికి 'మెరక' అని పేరు.

ఇప్పుడు చిలకా సరస్సుకి వద్దాం. మనకి గంట ప్రయాణం, అయినా మనలో చాలామందికి రంభలో పిక్నిక్, నలబన పక్షులు, అంతకుమించి తెలీదు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి, ఎండాకాలంలో 900కి అటూఇటూ ఉండే సరస్సు. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలలకి రామ్‌సార్ జాబితా అని ఒకటుంది, 1981లో మన దేశం నుంచి దానికి ఎక్కిన మొదటి రెండిట్లో ఇదొకటి. 1993 వచ్చేసరికి అదే రామ్‌సార్ వాళ్లు దీన్ని 'పరిస్థితి బాగాలేదు' అనే జాబితాలో, మాంట్రూ రికార్డు అంటారు, అందులో రాసుకున్నారు.

ఏమైందంటే, ఉత్తరం నుంచి మహానది పాయలు, దయా, భార్గవి, నీళ్లూ ఒండ్రూ తెచ్చి పోస్తాయి. తూర్పున సముద్రానికి ఒక ముఖద్వారం. మన తీరంలో అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతూ ఉంటాయి, మీరు గోపాల్‌పూర్‌లో అలల్లో పాదాలు పెట్టి నిలబడితే కింద ఇసుక పక్కకి జారడం తెలుస్తుంది. ఆ ఇసుక చిలకా ముఖద్వారాన్ని ఏడాదికేడాది పక్కకి నెట్టింది. సరస్సుకీ సముద్రానికీ మధ్య కాలువ పొడుగై, పూడి, ఇరుకైపోయింది. పోటు లోపలికి రాదు, ఒండ్రు బయటికి పోదు. ఉప్పదనం తగ్గింది. ఉప్పు తగ్గితే మంచినీటి కలుపు పండగ చేసుకుంటుంది. వందల చదరపు కిలోమీటర్లు కలుపు. పడవ తెడ్డు తిరగదు. రొయ్య పిల్ల సముద్రం నుంచి లోపలికి రాలేదు. చేపల రాబడి 1999-2000లో సుమారు 1,750 టన్నులకి పడిపోయింది.

ఇప్పుడు మా వీధి పద్ధతిలో అయితే ఏం చేస్తాం? కలుపు పీకుతాం. వందల చదరపు కిలోమీటర్ల కలుపు పీకి ఏ గట్టున పోస్తారు? చిలకా అభివృద్ధి సంస్థ 1990ల మొదట్లో ఏర్పడింది. వాళ్లు పుణెలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంతో నమూనా లెక్కలు వేయించి, కలుపు జోలికి కాక సముద్రం జోలికి వెళ్లారు. 2000 సెప్టెంబర్ 23న సాతపడ దగ్గర ఇసుక తిన్నెని కోసి కొత్త ముఖద్వారం తెరిచారు. సముద్రం దాకా దారి 18 కిలోమీటర్లు తగ్గింది. పోటు మళ్లీ లోపలికొచ్చింది. ఉప్పు వచ్చింది. ఉప్పు నీళ్లకి మంచినీటి కలుపు చాలాచోట్ల దానంతటదే చచ్చింది. పోటుతో పీతలు, రొయ్యలు, పండుగప్పలు లోపలికొచ్చాయి, ఆటుతో ఒండ్రు బయటికి పోవడం మొదలైంది. 2001-02లో చేపల రాబడి దాదాపు 12,000 టన్నులు. 2002లో మాంట్రూ రికార్డు నుంచి పేరు కొట్టేశారు. ఆ ఏడే రామ్‌సార్ పురస్కారం కూడా ఇచ్చారు.

ఆ కథలో నాకు నచ్చేది అవార్డు కాదు. వాళ్లు తీసింది కాస్త ఇసుక. మిగతా పనంతా ఉప్పు చేసింది, పోటు చేసింది. ఎక్కడ పోయాలన్న ప్రశ్న చాలా చిన్నదైపోయింది, ఎందుకంటే తీయాల్సింది తక్కువ.

అలాగని చిలకా కథ కంచికి పోయిందని కాదు. ఇసుక ఊరుకుంటుందా? నెడుతూనే ఉంటుంది. 2008లో గబకుండ దగ్గర సముద్రమే ఇంకో దారి తెంచుకుంది. మనిషి ఒకటి తెరిస్తే అది ఇంకొకటి తెరిచింది. కాలువలు మళ్లీమళ్లీ చూసుకుంటూ ఉండాల్సిందే. ఇక ఘేరీల గొడవ సరేసరి. వలలూ వెదుళ్లూ కట్టి సరస్సుని ముక్కలు చేసి రొయ్యలు పెంచడం. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చిలకా చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగు వద్దంది. 1999 మేలో సొరన దగ్గర ఘేరీలు కూల్చిన జాలర్ల మీద పోలీసు కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. ఇప్పటికీ ఘేరీలు పీకడం, మళ్లీ లేవడం జరుగుతూనే ఉంది. నీళ్లు బాగైతే చేపలు పెరుగుతాయి, చేపలు పెరిగితే పట్టేవాళ్ల మధ్య తగాదా పెరుగుతుంది. అది నా సబ్జెక్టు కాదు, అక్కడికి ఆపుతాను.

(సభలోంచి: డాల్ఫిన్లు?) ఉన్నాయమ్మా, ఇరావదీ డాల్ఫిన్లు, 150కి అటూఇటూ లెక్క తేలుతున్నాయి. సాతపడ వెళ్తే పడవవాళ్లు చూపిస్తారు. ఇంజను ఆపమని చెప్పండి, దాని చప్పుడుకి అవి బెదురుతాయి.

ఇప్పుడు కష్టమైన కథ. గంజాం పట్నం, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు జిల్లాకి అదే ముఖ్యపట్టణం. 1815లో జ్వరాలొచ్చి వందలమంది పోతే ప్రభుత్వ కచేరీలు ఛత్రపురానికి తరలించారు. ఆ ఊరికి కష్టాలు కొత్త కాదు. అక్కడ 1960ల్లో ఒక కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ వచ్చింది. పేరు మీకు తెలుసు, నాకూ తెలుసు, వదిలేద్దాం.

కాస్టిక్ సోడా ఎలా చేసేవారంటే, ఉప్పునీళ్లలో కరెంటు పంపిస్తారు. ఒకవైపు క్లోరిన్ వస్తుంది, రెండోవైపు సోడియం. ఆ సోడియం నీళ్లు తగిలితే భగ్గుమంటుంది. అందుకని దాన్ని పట్టుకోవడానికి తొట్టె అడుగున పాదరసం పారించేవారు. పాదరసం సోడియాన్ని తనలో కలుపుకుని పక్క తొట్టెలోకి తీసుకెళ్తుంది, అక్కడ నీళ్లతో కలిసి కాస్టిక్ సోడా అవుతుంది, పాదరసం వెనక్కి వస్తుంది. కాగితం మీద ఒక్క చుక్క పోదు. నిజంలో పోతుంది. ఉప్పు మడ్డిలో కొంత, కడిగిన నీళ్లలో కొంత, ఆవిరిలో కొంత. తర్వాత దేశంలో ఇలాంటి ఫ్యాక్టరీలు దాదాపు అన్నీ మారాయి. 2003లో కేంద్రం పరిశ్రమలతో ఒక చార్టర్, అంటే ఒప్పుదల పత్రం, రాయించుకున్నాక ఒక్కొక్కటిగా పాదరసం తొట్టెలు పోయి, పాదరసం అక్కర్లేకుండా పల్చటి పొరతో పనిచేసే మెంబ్రేన్ పద్ధతి వచ్చింది. కొత్త పాదరసం రావడం ఆగింది. పాతది ఎక్కడికి పోతుంది?

బరంపురం విశ్వవిద్యాలయం వాళ్లు 1970ల చివరి నుంచే ఆ చుట్టుపక్కల చేపల మీద, నాచు మీద, వరి మీద పాదరసం ఏం చేస్తోందో చూస్తూ వచ్చారు. ఒకసారి బురద నమూనాలకి వెళ్తున్న పరిశోధకులతో నేనూ వెళ్లాను. నా గొప్పతనం ఏమీ లేదు, అక్కడి జాలారివాళ్లు మాట్లాడేది తెలుగు, పరిశోధనకొచ్చిన పిల్లలకి ఒడియా, ఇంగ్లిషు తప్ప రాదు. దుబాసీగా తీసుకెళ్లారు. ఆటు వేళ పడవలో వెళ్లి, మోకాల్లోతు దిగి, చేతి మందం పీవీసీ గొట్టాన్ని సుత్తితో బురదలోకి కొట్టాలి. పైన బిరడా బిగించి మెల్లగా లాగాలి. తొందరపడితే బుడుక్కున బురద జారిపోతుంది, మళ్లీ మొదటికే. నాలుగోసారికి వచ్చింది. ఒడ్డుకి తెచ్చి, గొట్టం చీల్చి, ప్లాస్టిక్ చాకుతో అయిదేసి సెంటీమీటర్లకి ఒక ముక్క కోసి, ఒక్కో ముక్క ఒక్కో సీసాలో వేసి, మంచుపెట్టెలో పెట్టాలి. ఎండు చేపలు తిరగేస్తున్న ఒక ముసలమ్మ పని ఆపి చూసింది. 'ఏటమ్మా, బురదకి కూడా జొరం చూత్తన్నారేటి?' అంది. అవునమ్మా, అదే చూస్తున్నాం అన్నాను. అంతకన్నా మంచి మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

'పాదరసం కనిపిస్తాదా?' అని ఆవిడ మనవడు అడిగాడు. వెండిచుక్కలు మెరుస్తాయని వాడి ఆశ. కనిపించదు. కనిపించే పాదరసం కన్నా కనిపించనిదే ప్రమాదం. నేను చూపించిన ఈ నల్లపొర ఉంది చూశారా, ఇలాంటి గాలి ఆడని బురదలో ఉండే సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది నాచులోకి, నాచు తినే పురుగులోకి, పురుగుని తినే చేపలోకి, ఆ చేపని తినే పెద్ద చేపలోకి పోతూ, ప్రతి మెట్టుకీ ఎక్కువవుతుంది. చివరి మెట్టు మన కంచం.

ఇక్కడ మా అమ్మ మాటే మళ్లీ గుర్తొస్తుంది. తవ్వేద్దామా? ఏళ్లు గడిచేకొద్దీ నది తెచ్చిన కొత్త ఒండ్రు పాత బురద మీద దుప్పటిలా పడుతుంది. పాదరసం సన్నటి బంకనీ, కుళ్లిన ఆకుల మడ్డినీ పట్టుకుని కింద పడుకుని ఉంటుంది. పొక్లెయిన్ పెట్టి తవ్వితే నిద్రపోతున్నదాన్ని లేపినట్టే. సన్నటి బురద నీళ్లలో కలిసి పోటుతో ఎటుపడితే అటు పోతుంది. పైగా ఋషికుల్య ముఖద్వారం నుంచి చిలకా దక్షిణ భాగానికి పాలూరు కాలువ ఉంది, బ్రిటిష్ వాళ్ల కాలంలో పడవలకి తవ్వినది. ఈ నీళ్లకీ ఆ నీళ్లకీ చుట్టరికం ఉంది. అదే తీరంలో చాలా ఏళ్లలో లక్షల తాబేళ్లు వచ్చి గుడ్లు పెడతాయి.

జపాన్‌లో మినమాత అనే ఊరుంది. ఒక ఎరువుల, రసాయనాల ఫ్యాక్టరీ పాదరసం సముద్రంలోకి వదిలింది, చేపలు తిన్నవాళ్లకి కాళ్లూచేతులూ స్వాధీనం తప్పాయి, పుట్టే పిల్లలకీ వచ్చింది. 1956లో ఆ జబ్బు బయటపడింది. వాళ్లు ఏం చేశారో చెప్తాను, ఎందుకంటే తీసింది ఎక్కడ పోస్తాం అన్న ప్రశ్నకి అంత సూటిగా జవాబు చెప్పినవాళ్లు అరుదు. 1977 నుంచి 1990 దాకా, పద్నాలుగేళ్లు పట్టింది. బురదలో పాదరసం పది లక్షల పాళ్లలో 25 పాళ్లు దాటినచోటల్లా లెక్కలోకి తీసుకున్నారు. బాగా విషమెక్కిన ఖాతం మూలని ఉక్కు పలకల గోడ కట్టి వేరుచేశారు. మిగతా చోట్ల బురదని, నీళ్లు కలకబారకుండా మెల్లగా పీల్చి, ఆ గోడ లోపల పోశారు. మొత్తం పదిహేను లక్షల ఘనపు మీటర్లు. దాని మీద మందంగా శుభ్రమైన మట్టి కప్పారు. 58 హెక్టార్ల కొత్త నేల ఏర్పడింది. ఇవాళ అది పార్కు, పిల్లలు ఆడుకుంటారు. ఖర్చు 48.5 బిలియన్ యెన్లు. విషపు చేపలు బయటికి పోకుండా 1974లో ఖాతానికి అడ్డంగా కట్టిన వల 1997 దాకా తీయలేదు.

చూశారా, అక్కడ రిక్లమేషన్ అనే మాటకి రెండు అర్థాలూ ఒక్కచోటే కలిశాయి. సముద్రాన్ని పూడ్చడమే సముద్రాన్ని బాగుచేయడం అయింది. కానీ విషం పోలేదు. పార్కు గడ్డి కింద అక్కడే ఉంది. ఉక్కు తుప్పు పడుతుంది, జపాన్‌లో భూకంపాలు మామూలు. ఆ గోడకి కాపలా ఉన్నంతకాలమే ఆ పార్కు పార్కు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. ఎక్కడ పోశామో వాళ్లకి తెలుసు. మ్యాపు ఉంది, గోడ ఉంది, చూసేవాళ్లున్నారు. మన రాత్రి లారీకి ఏ మ్యాపు ఉంది?

(సభలోంచి: మొక్కలు పెడితే విషం పీల్చేస్తాయని యూట్యూబ్‌లో చూశాను.) చూసే ఉంటారు. అబద్ధం కాదు, సగం నిజం. ఆవ మొక్క సీసాన్ని కొంత పీలుస్తుంది. వట్టివేరు, తుంగ, రెల్లు మురుగునీటిని బాగానే శుభ్రం చేస్తాయి, చెరువులోకి మురుగు కాలవ కలిసేచోట ఒక తుంగ మడి పెడితే సగం బాధ తగ్గుతుంది. 12,500 హెక్టార్ల కోల్‌కతా తూర్పు చిత్తడి నేలల్లో ఊరి మురుగుతోనే చేపలు పెంచుతున్నారు. కానీ అది ఇళ్ల మురుగు సంగతి. లోహాలు అలా అరిగిపోవు. ఆవ మొక్క పీల్చిన సీసం ఆవ మొక్కలోనే ఉంటుంది. ఆ మొక్క ఎక్కడ పోస్తారు? ఆవు తింటే? ఆ ఆకు ఎవరైనా సంతలో అమ్మితే? కోసి, ఎండబెట్టి, జాగ్రత్తగా కాల్చి, ఆ బూడిదని మళ్లీ ఒక గోతిలో భద్రంగా పెట్టాలి. పైగా ఒక్క పంటతో పోదు, ఏళ్లు పడుతుంది. సీసం మరీ ఎక్కువ లేనిచోట ఇంకో పనుంది. సున్నం వేసి పులుపు తగ్గిస్తే లోహం మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, మొక్కకి అందదు. విషం పోదు, తాళం పడుతుంది.

గనుల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఛత్రపురం తీరంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్లు ఇసుక తవ్వి ఇల్మెనైట్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలు వేరుచేస్తారు. మిగిలిన ఇసుక వెనక్కి పోసి సరుగుడు, జీడిమామిడి వేస్తారు. ఇక్కడ తీసింది మళ్లీ తీసినచోటికే వెళ్తుంది కాబట్టి నా ప్రశ్నకి తేలికైన జవాబు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది పోతుంది కనుక ఆ ఇసుకలో సహజ రేడియేషన్ తగ్గుతుంది కూడా. నా బాధ వేరు. తిన్నె అంటే ఇసుక కుప్ప కాదు. దాని మీద అల్లుకున్న తీగలు, మొగలి పొదలు దాన్ని పట్టి ఉంచుతాయి. మన గంజాం మొగలి అత్తరు దేశమంతా పోతుంది. సరుగుడు నాటితే పచ్చగా కనిపిస్తుంది, ఫొటోకి బాగుంటుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన మర్నాడు ఆ దారిన వెళ్లినవాళ్లకి తెలుసు, సరుగుడు తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడి ఉన్నాయి.

దామన్‌జోడిలో మా బావగారు ఉద్యోగం చేశారు. పంచపట్మాలి కొండ మీద అల్యూమినియం ఖనిజం బాక్సైట్ తవ్వే ముందు పైమట్టిని విడిగా తీసి దాచి, తవ్వాక మళ్లీ పరిచి మొక్కలు వేస్తారని ఆయన గొప్పగా చెప్పేవారు. అది మంచి పద్ధతే, పైమట్టి పోతే ఏ ఎరువూ దాన్ని తెచ్చిపెట్టదు. కానీ కొండ కింద ఆ బాక్సైట్ నుంచి అల్యూమినా పొడి తీశాక మిగిలే ఎర్ర బురద గురించి అడిగితే మాట మార్చేవారు. టన్ను అల్యూమినాకి ఇంచుమించు టన్ను పైనే ఎర్ర బురద, కాస్టిక్‌తో నిండి చర్మం ఒలిచేసేంత ఘాటు. ప్రపంచంలో ఎవరికీ దానితో ఏం చేయాలో పూర్తిగా పాలుపోలేదు. చెరువు కట్టి నిలవ ఉంచుతారు. ఆ కట్ట తెగకుండా చూసుకోవడమే పని.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే అందరూ 'చిత్తడి నేలల చట్టం ఉంది కదా' అంటారు. 2017 నాటి నియమాలు చదవండి. సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువులు ఆ నిర్వచనంలోకే రావు. ఛత్రపురం పక్కన తంపర సరస్సు రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది, సంతోషం. మా వీధి వెనక చెరువు ఏ జాబితాలోనూ లేదు. దాన్ని చూసుకోవాల్సింది మనమే.

(సభలోంచి: మరి మా కాలనీ చెరువు ఈ ఎండాకాలం తవ్విస్తామంటున్నారు. ఏం చేయమంటారు?)

మంచిదే, తవ్వించండి. అంతకుముందు నాలుగైదు చోట్ల నుంచి బురద తీయండి, ఒడ్డునే కాదు, కాలవ కలిసేచోట, నడిమధ్యన, ఆ మూలన. పై పొర వేరుగా, లోపలి పొర వేరుగా. పేరు, చోటు, లోతు సీసా మీద అంటించండి. నేను ఒకసారి అంటించకుండా పెట్టి, పన్నెండు సీసాల్లో ఏది ఏదో తెలీక మళ్లీ దిగాను, నడుం దాకా. పరీక్షలో బాగుంటే రైతుల్ని పిలవండి, పరుగున వస్తారు. బాగాలేకపోతే తవ్వే ముందే ఆ కాంట్రాక్టు కాగితంలో బురద పోసే చోటు సర్వే నంబరుతో సహా రాయించండి. 'సమీప ప్రదేశమున' అని రాస్తారు, ఒప్పుకోకండి. ఆ చోటికి మీరే ఒకసారి వెళ్లి చూడండి, పక్కన బావి ఉందా, పిల్లలు ఆడే చోటా అని. ముందు మురుగు కాలవ మళ్లించండి, ఆ తర్వాతే తవ్వకం. కాలవ మళ్లించకుండా తవ్వితే మూడేళ్లలో మళ్లీ ఇదే సభ పెట్టుకోవాలి, అప్పటికి నాకు మోకాళ్లు సహకరిస్తాయో లేదో.

(సభలోంచి: మా చెరువు బురద కూడా మీకు తెచ్చిస్తే చూస్తారా?)

తీసుకురండి నాయనా, ల్యాబ్‌కి ఎలా పంపాలో చెప్తాను. గాజు సీసాలోనే తేవాలి, ఇంట్లో అడిగి తెండి. వెళ్లేటప్పుడు ఈ సీసాని దగ్గర నుంచి చూడొచ్చు, పిల్లలకి చూపించండి. మూత మాత్రం తీయకండి, వెనక టిఫిన్లు పెట్టారు.